ఒకే ప్రాణిలో బతికేయొచ్చుగా? పరాన్నజీవులకు రెండు మూడు ఆతిథేయులు ఎలా వచ్చాయి

వానపాము
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఈ వారం కార్జపు జలగ (గొర్రెల, ఆవుల కాలేయంలో ఉండే బల్లపరుపు పురుగు) జీవితచక్రం బోర్డు మీద గీశాను. గుడ్డు నీళ్ళలో పగలాలి. అందులోంచి వచ్చే మిరాసీడియం అనే డింభకం (పిల్ల దశ) ఒక్క రోజులోపే నత్తను పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతుంది. నత్తలో స్పోరోసిస్టు, రీడియా అనే దశలు, వాటిలోంచి సర్కేరియాలనే తోక డింభకాలు. అవి బయటికొచ్చి, గడ్డిపోచకు అంటుకుని, తోక వదిలేసి గూడు కట్టుకోవాలి. ఆ గడ్డిని గొర్రో ఆవో మేయాలి.

గీయడం అయ్యాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, ఇన్నిచోట్ల చచ్చే ప్రమాదం ఉంటే ఏలికపాములాగా నేరుగా పోవచ్చు కదా? ఈ చుట్టుదారి ఎందుకు?" అంది. పుస్తకంలో ఉన్నట్టే "పరిణామక్రమంలో అనుకూలనం" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది కానీ ముఖంలో సమాధానం దొరికిన జాడ లేదు. నాకూ దొరకలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మొదట ఏ ఆతిథేయి (పరాన్నజీవి బతికే ప్రాణి) ఉండేది? రెండోది ఎలా వచ్చి చేరింది? చేరినదాన్ని మళ్ళీ వదిలించుకోవడం కుదురుతుందా? దయచేసి తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, పిల్లలకు చదివి వినిపిస్తాను.

నత్తగుల్ల
మంచి ప్రశ్న అడిగిందండీ ఆ అమ్మాయి. ఈ రంగంలో ఉన్నవాళ్ళు దశాబ్దాలపాటు తలలు పట్టుకున్నది దీని మీదే.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. మనం చక్రాన్ని పూర్తయ్యాక చూస్తాం కాబట్టి, పురుగు ఇంత పొడవు దారిని ఒకేసారి ఎంచుకున్నట్టు కనిపిస్తుంది. అలా జరగలేదు. ఒక్కో మెట్టూ విడివిడిగా చేరింది, చేరిన ప్రతిసారీ పురుగుకు అప్పటికప్పుడు లాభం ఉంది. జియోఫ్ పార్కర్, జిమ్మీ చబ్, వాళ్ళ సహచరులు 2003లో నేచర్ పత్రికలో దీన్ని చక్కగా లెక్కగట్టి చూపించారు. వాళ్ళు చెప్పింది రెండు దారులు. పిల్లలకు అర్థమయ్యేలా ఒకటి "పైకి చేరడం", ఇంకోటి "కిందికి చేరడం" అనుకుందాం.

పైకి చేరడం అంటే ఇది. ఒక పురుగు చిన్న ప్రాణిలో పెరిగి అక్కడే గుడ్లు పెడుతోంది. ఆ చిన్న ప్రాణిని పెద్ద ప్రాణి పదేపదే తింటోంది. తిన్న ప్రతిసారీ లోపలి పురుగులు కూడా చస్తున్నాయి. చావు అంత తరచుగా అక్కడే కాచుకుని ఉన్నప్పుడు, పెద్దదాని పేగులో రెండు రోజులు ఎక్కువ బతికి కాసిని గుడ్లు పెట్టగలిగిన పురుగు సంతతే మిగులుతుంది. పైగా పెద్ద ప్రాణిలో చోటెక్కువ, ఆయుష్షెక్కువ. పురుగు ఇంకా పెద్దదవుతుంది, గుడ్లు పెరుగుతాయి. వేరువేరు ఎరల్లోంచి వచ్చిన పురుగులు ఒకే పేగులో కలుస్తాయి కాబట్టి జత దొరకడమూ సులువు. అంత లాభం అక్కడుంటే చిన్న ప్రాణిలోనే పక్వానికి రావడం నష్టం. నెమ్మదిగా పక్వత వాయిదా పడుతుంది. నిన్నటి అసలు ఇల్లు ఇవాళ మధ్యస్థ ఆతిథేయి అయిపోతుంది.

కిందికి చేరడం దీనికి తిరగేసి. పురుగు పెద్ద ప్రాణిలోనే ఉంది, గుడ్లు బయట పడుతున్నాయి. ఆ పెద్ద ప్రాణి నోటికి నేరుగా గుడ్డు తగలడం అరుదు. కానీ అడుగున తిరిగే చిన్న ప్రాణులు ఆ గుడ్లను రోజూ తింటాయి, పెద్దది వాటిని రోజూ తింటుంది. చిన్నదాని లోపల చావకుండా ఉండగలిగిన గుడ్డుకు పైకి చేరే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అంటే మీ విద్యార్థిని చుట్టుదారి అన్నది నిజానికి దగ్గరిదారి కావచ్చు. ఎవరు ఎవర్ని తింటారో ఆ గొలుసు ముందే ఉంది. పురుగు దాని మీద ఎక్కి కూర్చుంది.

ప్రశ్నలబుట్ట
నేను సైన్సు చదివినవాణ్ణి కాదు, ఆసక్తితో చదువుతుంటాను. ఒక్క సందేహం. "పెద్దదాని పేగులో చావకుండా ఉంటే" అని సులువుగా అనేశారు. జీర్ణరసాల్లో పడ్డ మెత్తటి పురుగు మొదటిసారి ఎలా బతికింది? అసలు కష్టం అంతా ఆ మొదటిసారిలోనే ఉంది కదా?

నత్తగుల్ల
సరిగ్గా పట్టుకున్నారు. రెండు విషయాలు.

ఒకటి, ఆ పురుగు అప్పటికే ఇంకో జంతువు ఒంట్లో బతుకుతోంది. అక్కడి రోగనిరోధక కణాలు, రసాయనాలు, కొన్నిసార్లు అక్కడి జీర్ణరసాలు కూడా తట్టుకుంటోంది. బయట నీళ్ళలో స్వేచ్ఛగా తిరిగే పురుగు నేరుగా పేగులోకి దూకడంకన్నా ఇది చాలా చిన్న అడుగు.

రెండు, మధ్యలో "రెండూ కుదిరే" కాలం ఒకటి ఉంటుంది. ఇది ఊహ కాదు, అలాంటి పురుగులు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. ఆస్పిడోగాస్టర్ కాంచికోలా అని ఒకటుంది, జలగ పురుగులకు దూరపు చుట్టం. మంచినీటి ఆల్చిప్పలో పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి అక్కడే తరాలు నడుపుతుంది. ఆ ఆల్చిప్పను చేపో తాబేలో తింటే వాటి పేగులో కూడా కొంతకాలం బతుకుతుంది. రెండో ఆతిథేయి దానికి అవసరం కాదు, ఉంటే సరే. ఇలాంటి స్థితి నుంచి "ఉంటేనే" అనే స్థితికి రావడానికి ఎన్ని తరాలు పట్టినా పట్టనివ్వండి, ఏ దశలోనూ పురుగు అసాధ్యమైన గంతు వేయాల్సిన పనిలేదు.

దగ్గర్నుంచి చూడదగ్గ ఉదాహరణ ఇంకోటి, షిస్టోసెఫాలస్ సాలిడస్ అనే బద్దెపురుగు. మొదట నీళ్ళలోని కోపిపాడ్ అనే పిసరంత రొయ్యజాతి ప్రాణి, తర్వాత స్టికిల్‌బ్యాక్ అనే చిన్న ముళ్ళ చేప, చివరికి ఆ చేపను తినే పక్షి. చేప పొట్ట కోస్తే తెల్లటి పట్టీలాంటి పురుగు ఒళ్ళంతా నిండి ఉంటుంది. కొన్నిసార్లు చేప బరువంత పురుగే ఉంటుంది. పెరుగుదలంతా చేపలోనే అయిపోతుంది. పక్షిలో చేసేది దాదాపు ఒక్కటే, పక్వానికొచ్చి గుడ్లు పెట్టడం. అదీ రెండు రోజుల్లోపే మొదలైపోతుంది. ల్యాబులో 40 డిగ్రీల వేడిలో, సన్నటి సెల్యులోజ్ గొట్టంలో పేగులాగా బిగించి ఉంచితే పక్షి లేకుండానే గుడ్లు పెడుతుంది. అంటే పక్షి నుంచి దానికి ముఖ్యంగా కావలసింది వేడి, ఒత్తిడి, ఆపైన గుడ్లను దూరపు చెరువులకు మోసుకెళ్ళే రెక్కలు.

నీటిబొట్టు
నత్తగుల్ల గారూ, మీ మాటల్లో ఒక ఊహ దాగుంది, అది బయటపెట్టాలి. జలగ పురుగులకు నత్తే తొలి ఇల్లు, వెన్నెముక జంతువులు తర్వాత చేరాయి అని చాలామంది అంటారు. కారణాలూ బలమైనవే. దాదాపు అన్ని జలగ పురుగులకూ మొదటి ఆతిథేయి నత్తజాతే. ఏ నత్త అన్న విషయంలో చాలా పట్టుదలగా ఉంటాయి, వెన్నెముక జంతువు విషయంలో అంత పట్టింపు ఉండదు. పాత సంబంధం దగ్గరే అంత పట్టుదల ఉంటుందని వాదన.

కానీ వంశవృక్షాన్ని ఇంకొంచెం పైనుంచి చూడండి. జలగ పురుగులు, బద్దెపురుగులు, చేపల మొప్పల మీద ఉండే మోనోజీనియన్లు, ఈ మూడూ ఒకే పెద్ద కుటుంబం. ముగ్గురికీ వెన్నెముక జంతువులతో సంబంధం ఉంది, నత్త మాత్రం ఒక్క శాఖలోనే ఉంది. అలా చూస్తే ఉమ్మడి పూర్వీకుడికి చేపలాంటిదే తొలి ఇల్లు, నత్త తర్వాత "కింద" చేరిందనడానికీ ఆస్కారం ఉంది. ఈ తగువు తేలిపోయిందని పిల్లలకు చెప్పకండి. రెండు పక్షాలూ చెబితేనే వాళ్ళకు సైన్సు ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

నత్తగుల్ల
ఒప్పుకుంటున్నానండీ. నేను నత్త పక్షమే, కానీ మీరన్న అభ్యంతరం న్యాయమైనది. వానపాము గారూ, రెండూ చెప్పండి.

పశువుల డాక్టరు
చదువుతూ ఆగలేక రాస్తున్నాను. మీరంతా ఆతిథేయులు చేరడం గురించి రాస్తున్నారు. నేను రోజూ చూసే జబ్బు ఒకటి ఆతిథేయిని పోగొట్టుకుని ప్రపంచమంతా పాకింది. సర్రా. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో మెలికలు తిరిగే సూక్ష్మజీవిని చూసి జబ్బుకు కారణం అదేనన్నాడు. అదే ట్రిపనోసోమా ఇవాన్సై. జబ్బు చేసే ట్రిపనోసోమాల్లో మొట్టమొదట దొరికింది ఇదే.

దీని అన్న ట్రిపనోసోమా బ్రూసై. అది ఆఫ్రికాలో సెట్సీ ఈగ లేకుండా బతకలేదు. ఈగ పేగులో పెరగాలి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి, అప్పుడే కుట్టినప్పుడు జంతువులోకి పోతుంది. సెట్సీ ఈగ ఎక్కడిదాకా ఉంటే ఆ జబ్బూ అక్కడిదాకానే. ఇవాన్సైకి ఆ ఈగ అక్కర్లేదు. జోరీగ ఒక ఒంటె రక్తం తాగుతుంటే తోక దెబ్బకు లేచి పక్క ఒంటె మీద వాలుతుంది. మూతికి అంటిన తడి రక్తంతోనే క్రిమి కొత్త ఒంట్లోకి పోతుంది. ఈగలో పెరగడం, మారడం ఏమీ లేదు, ఈగ కేవలం సూది. అందుకే ఆఫ్రికా దాటి ఆసియాకు, దక్షిణ అమెరికాకు పాకింది. అక్కడ రక్తం తాగే గబ్బిలాలు కూడా మోస్తాయి. దీని దగ్గరి చుట్టం ఈక్విపెర్డం ఇంకో అడుగు వేసి గుర్రాల్లో కలయిక ద్వారానే వ్యాపిస్తుంది, ఈగ ఊసే లేదు.

నన్ను ఆశ్చర్యపరిచేది లోపలి కథ. ఈ క్రిములకు మైటోకాండ్రియాలో కైనెటోప్లాస్ట్ అని ప్రత్యేకమైన డీఎన్‌ఏ ముద్ద ఉంటుంది. ఈగ పేగులో గ్లూకోజు దొరకదు, అక్కడ శక్తి తయారుకావాలంటే ఆ డీఎన్‌ఏ తప్పనిసరి. రక్తంలో గ్లూకోజుకు లోటు లేదు, అయినా మైటోకాండ్రియాను బతికించుకోవడానికి ఆ డీఎన్‌ఏ చేసే ఒక ప్రోటీను కావాలి. ఏటీపీ సింథేజ్ అనే యంత్రంలోని గామా భాగంలో ఒక చిన్న మ్యుటేషన్ వస్తే ఆ అవసరమూ తీరిపోతుంది. సర్రా క్రిముల్లో అలాంటి మ్యుటేషన్లే దొరికాయి. అవసరం తీరాక ఆ డీఎన్‌ఏ కొంతో పూర్తిగానో పోయింది. ఇక ఆ క్రిమి సెట్సీ ఈగలోకి తిరిగి వెళ్ళలేదు. మైక్రోస్కోపు కింద రంగు వేసి చూస్తే ఒక చివర చుక్కలా కనబడాల్సిన కైనెటోప్లాస్ట్ చాలా రకాల్లో కనిపించదు. ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా వెనక వంతెన తగలబెట్టుకుని వచ్చిన ప్రాణిని చూస్తున్నట్టే ఉంటుంది నాకు.

వానపాము
డాక్టరు గారూ, ఈ ఒక్క పోస్టుతో నా మూడో ప్రశ్నకు సగం జవాబు దొరికింది. మిగతా సగం: పురుగుల్లో కూడా ఇలా ఆతిథేయిని వదిలేసినవి ఉన్నాయా? వదిలితే మళ్ళీ తెచ్చుకోలేనంతగా వదిలేస్తాయా?

నత్తగుల్ల
ఉన్నాయి, చాలా ఉన్నాయి. జలగ పురుగుల్లో మూడు ఆతిథేయుల చక్రం కుదించుకుపోవడం ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో వంశాల్లో మళ్ళీమళ్ళీ జరిగింది.

అన్నింట్లో నాకిష్టమైనది న్యూజీలాండ్ వాగుల్లో ఉండే కోయిటోసీకం పార్వం. మామూలు దారి నత్త, ఆంఫిపాడ్ అనే చిన్న రొయ్యలాంటి ప్రాణి, తర్వాత దాన్ని తినే చేప. చేపలో పక్వానికి రావాలి. కానీ కొన్ని డింభకాలు చేప కోసం ఎదురుచూడకుండా ఆంఫిపాడ్‌లోనే, తమ గూటిలోనే పెద్దవై, తమతో తామే ఫలదీకరణ చేసుకుని గుడ్లు పెట్టేస్తాయి. ఆ గుడ్లు గూటిలోనే పేరుకుంటాయి, ఆంఫిపాడ్ చచ్చాక బయటపడతాయి. ఒకే జాతిలో, ఒకే వాగులో రెండు దారులూ నడుస్తున్నాయి. క్లెమెంట్ లాగ్రూ, రాబర్ట్ పూలాన్ చేసిన ప్రయోగం చూడండి: చేప వాసన కలిసిన నీళ్ళలో ఉంచిన ఆంఫిపాడ్లలో పురుగులు ఎక్కువగా వేచి ఉన్నాయి. ఆ వాసన లేని నీళ్ళలో తొందరగా పక్వానికొచ్చినవి ఎక్కువ. చేప ఉందా లేదా అన్న సంగతి ఆతిథేయి ఒంటి గుండా ఆ డింభకానికి ఎలాగో అందుతోంది! ఈ రెండు దారుల్లో ఒకటి ఎప్పుడూ లాభసాటిగా ఉండే చోట రెండోది క్రమంగా మాసిపోతుంది. కుదింపు మొదలయ్యేది ఇలాంటి చోటే అనుకుంటాను.

ల్యూకోక్లోరిడియం మీ పిల్లలు వీడియోల్లో చూసే ఉంటారు. నత్త కొమ్ములో ఆకుపచ్చ, గోధుమరంగు పట్టీలతో కొట్టుకుంటూ ఉండేది. అందరూ ఆ రంగులే చూస్తారు. దాని చక్రంలో ఏది లేదో చూడండి. ఈదే సర్కేరియా లేదు, రెండో మధ్యస్థ ఆతిథేయి లేదు. డింభకాలు ఆ సంచీలోనే గూడు కట్టుకుని పక్షి కోసం సిద్ధంగా ఉంటాయి. నీళ్ళతో పనిలేకుండా పొడి నేల మీద చక్రం నడవడానికి ఆ కుదింపే ఆధారం.

బద్దెపురుగుల్లో హైమెనోలెపిస్ నానా ఉంది. పిండిపురుగుల్లాంటి కీటకాల గుండా పోగలదు, కానీ గుడ్డు నేరుగా మనిషి నోట్లోకి పోయినా చాలు. కీటకంలో జరగాల్సిన దశ పేగు గోడలోని చూషకంలోనే జరిగిపోతుంది, పక్వమైన పురుగు అదే పేగులోకి వస్తుంది. మనిషికి పట్టే బద్దెపురుగుల్లో మధ్యస్థ ఆతిథేయి లేకుండా చక్రం నడపగలిగేది ఇదొక్కటే. ఒకే ఒళ్ళు రెండు పాత్రలూ వేస్తోంది.

మట్టివేళ్ళు
జంతువులే కాదండీ, మొక్కల వైపు కూడా ఒకసారి రండి. గోధుమకు వచ్చే కుంకుమ తెగులు శిలీంధ్రం పక్సీనియా గ్రామినిస్‌కి రెండు మొక్కలు కావాలి, గోధుమ ఒకటి, బార్బెరీ అనే ముళ్ళపొద ఇంకోటి. ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. బార్బెరీ దగ్గర గోధుమ పాడవుతుందని రైతులు ముందునుంచీ అంటూనే ఉన్నారు. 1865లో ఆంటన్ డి బారీ ఒకదాని మీది బీజాలు రెండోదానికి సోకడం ప్రయోగంతో చూపించాడు.

వానపాము గారి ప్రశ్నకు సంబంధించిన ముచ్చట ఇదీ. ఈ శిలీంధ్రం చుట్టాల్లో కొన్ని తెగుళ్ళు ఒక మొక్కను వదిలేసి పొట్టి చక్రంతో బతుకుతున్నాయి. అవి రెండింట్లో దేని మీద మిగిలాయి? రష్యన్ శాస్త్రవేత్త ట్రాంషెల్ గమనించింది ఏమిటంటే, పొట్టి చక్రం తెగులు చివరి దశ బీజాలు, పొడవు చక్రమున్న చుట్టం తొలి వసంత దశను గడిపే మొక్క మీదే కనిపిస్తాయి. అంటే గోధుమ, బార్బెరీల్లాంటి జంటలో బార్బెరీ వైపు. దాంతో ఒక పొట్టి చక్రం తెగులును చూసి, దాని పొడవు చక్రం చుట్టానికి రెండో మొక్క ఏదో వెతకవచ్చు. చెరిగిపోయిన చక్రం ఆనవాలు అలా మిగిలి ఉంటుంది.

ల్యాబ్‌దీపం
నేను మలేరియా క్రిమి మీద పనిచేస్తాను. ఇంతవరకు ఆతిథేయులు ఎందుకు మారాయో చెప్పారు. ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోయే ఆ క్షణంలో క్రిమి ఏం చేస్తుందో రాస్తాను, ఎందుకంటే పరిణామం పనిచేసే చోటు అదే.

మనిషి రక్తంలో ప్లాస్మోడియం (మలేరియా క్రిమి) ఎక్కువ భాగం ఎర్రకణాల్లో తనను తాను పెంచుకుంటూనే ఉంటుంది. అలా పెరిగేవేవీ దోమలో బతకలేవు. దోమకు పోగలిగేవి గామిటోసైట్లు (ఆడ, మగ దశ కణాలు) మాత్రమే. ఏ కణం గామిటోసైట్ అవ్వాలో తేల్చే ముఖ్యమైన మీట ఏపీ2-జీ అనే ప్రోటీన్, దీన్ని 2014లో గుర్తించారు. అది మూగబోయి ఉంటే పెరుగుదల సాగుతుంది, పలికితే ఆ కణం పెరుగుదల వదులుకుని దోమ కోసం తయారవుతుంది. చూడండి, ఇక్కడే ఒక బేరం ఉంది. ఇవాళ మనిషిలో ఎక్కువ పెరగాలా, రేపటి దోమ కోసం కొంత పక్కన పెట్టాలా? ల్యాబులో దోమ లేకుండా ఏళ్ళ తరబడి పెంచిన క్రిములు చాలాసార్లు గామిటోసైట్లు తయారుచేయడమే మానేస్తాయి, ఆ జన్యువే చెడిపోయినవి కూడా దొరికాయి. డాక్టరు గారి సర్రా క్రిమి కథే మా ఫ్లాస్కుల్లో చిన్న రూపంలో జరుగుతుంటుంది.

గామిటోసైట్ దోమ పొట్టలోకి పడగానే ఏమవుతుందో మైక్రోస్కోపులో చూస్తే మర్చిపోలేరు. రక్తం వేడి తగ్గుతుంది, దోమలోని జాంతురెనిక్ ఆమ్లం తగులుతుంది. అంతే, మగ గామిటోసైట్ పావుగంటలోపే మూడుసార్లు తన డీఎన్‌ఏని రెట్టింపు చేసుకుని ఎనిమిది కొరడాల్లాంటి బీజకణాలుగా విరజిమ్ముతుంది. పక్కనున్న ఎర్రకణాలు ఆ కొరడా దెబ్బలకు ఊగిపోతుంటాయి. మనిషి ఒంట్లో రోజుల తరబడి కదలకుండా ఉన్న కణం ఇదేనా అనిపిస్తుంది. వేడి తగ్గడం, ఆ ఆమ్లం, ఈ రెండూ "ఇప్పుడు నువ్వు దోమలో ఉన్నావు" అనడానికి గుర్తులు. కొత్త ఆతిథేయిని గుర్తుపట్టే ఇలాంటి సంకేతాలు కుదరకపోతే ఆతిథేయి చేరిందన్న మాటకే అర్థం లేదు.

ఇంకో ముచ్చట. మనుషుల్లో ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా క్రిమి గొరిల్లాల నుంచి వచ్చిందని 2010లో తేలింది, అడవి గొరిల్లాలు, చింపాంజీల మలం నమూనాల్లోని డీఎన్‌ఏ చదివి కనిపెట్టారు. ఎర్రకణంలోకి దూరడానికి క్రిమికి ఆర్‌హెచ్5 అనే ప్రోటీన్ తాళంచెవిలాంటిది. ఆ జన్యువున్న ముక్క గొరిల్లాలకే సోకే ఇంకో క్రిమి వంశం నుంచి ఫాల్సిపారం పూర్వీకుల్లోకి వచ్చి చేరింది. 2019లో ఆ పాత తాళంచెవిని మళ్ళీ తయారుచేసి చూస్తే గొరిల్లా, మనిషి కణాలు రెండింటికీ అతుక్కుంది. తర్వాత వచ్చిన ఒక మార్పుతో గొరిల్లా వైపు పట్టు పోయింది. ఇందాక నత్తగుల్ల గారు చెప్పిన "రెండూ కుదిరే కాలం" ఒక ప్రోటీన్ రూపంలో దొరికినట్టే.

ప్రశ్నలబుట్ట
అద్భుతంగా ఉంది. ఒక్కటే మిగిలింది. ఇవన్నీ వేల, లక్షల ఏళ్ళ కథలు. మన కాలంలో, మనుషులు చూస్తుండగా పెద్ద పురుగుల్లో ఇలాంటి మార్పు జరిగిన దాఖలా ఉందా?

నత్తగుల్ల
ఉంది. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవి.

షిస్టోసోమా మాన్సోనై అనే రక్తపు జలగ ఆఫ్రికాది. బానిసలుగా అమ్మేసిన మనుషుల ఒంట్లో అట్లాంటిక్ దాటి అమెరికాలకు వచ్చింది. అంటే ఆ దీవిలో దాని చరిత్ర కొన్ని వందల ఏళ్ళే. ఈ పురుగు సర్కేరియా నత్తలోంచి బయటికొచ్చి నీళ్ళలో ఈదుతూ నేరుగా చర్మంలోకి దూరుతుంది. బయటికొచ్చాక దానికి కొన్ని గంటలే బలం. కాబట్టి ఏ గంటలో బయటికి రావాలన్నది చావుబతుకుల ప్రశ్న.

మనుషులు నీళ్ళలోకి దిగేచోట నత్తల్లోంచి సర్కేరియాలు మధ్యాహ్నానికి ముందే గుంపుగా బయటికొస్తాయి. అదే దీవిలో మనుషులు తక్కువగా, ఎలుకలు ఎక్కువగా ఉన్న చిత్తడి అడవుల దగ్గర అవి సాయంత్రం పొద్దువాలేవేళకు వస్తాయి, ఎలుకలు కదిలేది అప్పుడే. ఆండ్రే తేరోన్ అనే పరిశోధకుడు ఈ రెండు రకాల్నీ ల్యాబుకు తెచ్చి ఒకే వెలుతురు, ఒకే నత్తల్లో ఉంచినా ఎవరి వేళ వాళ్ళదే. రెండింటినీ కలిపితే సంతానం నడిమి వేళలకు వచ్చింది. అంటే అది వంశపారంపర్యం. ఆతిథేయి మారినచోట పురుగు గడియారం మారింది.

పశువుల డాక్టరు
దీనికి జోడించాల్సింది ఒకటుంది, నారికురుపు పురుగు. 1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షలమందికి ఉండేది, ఇప్పుడు మనుషుల్లో కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. మందూ లేదు, టీకా లేదు. నీళ్ళు వడగట్టి తాగించడం, పుండున్నవాళ్ళను నీళ్ళలోకి దిగనీయకపోవడం, ఇంతే. ఈ పురుగు డింభకాలను మోసే సైక్లాప్స్ అనే చిన్న నీటిప్రాణి ఉన్న నీళ్ళు తాగితేనే వస్తుందని మనం చదువుకున్నాం. అయితే చాద్ దేశంలో పదేళ్ళు కనిపించకుండాపోయిన జబ్బు 2010లో మళ్ళీ బయటపడింది. 2012 నుంచి కుక్కల్లో కనిపించడం మొదలైంది. ఒక ఏడాదిలో వెయ్యికి పైగా కుక్కలు! పురుగు అదే జాతి. సైక్లాప్స్‌ను మింగిన చేపలు, కప్పలను కుక్కలు తినడం వల్ల వస్తోందన్నదానికి ప్రయోగాల ఆధారాలున్నాయి. మనిషి దారి మూసేస్తే పురుగు కొత్త దారి పట్టిందనిపించింది నాకు.

ల్యాబ్‌దీపం
డాక్టరు గారూ, ఇక్కడ కొంచెం ఆగాలి. "కొత్త దారి పట్టింది" అనాలంటే పురుగులో వంశపారంపర్యమైన మార్పు చూపించాలి, గ్వాడెలూప్‌లో చూపించినట్టు. ఇక్కడ ఇంకో వివరణ కూడా సరిపోతుంది. కప్పలో బతికే శక్తి, కుక్కలో పెరిగే శక్తి ఈ పురుగుకు ముందునుంచే ఉండి ఉండొచ్చు. లక్షల మంది మనుషులున్న రోజుల్లో ఎవరూ కుక్కల వైపు చూసి ఉండరు. మనిషి దారి మూతబడ్డాక పాత పక్కదారే పెద్దదిగా కనిపిస్తోంది. జీవావరణం మారడం వేరు, పురుగు మారడం వేరు.

పశువుల డాక్టరు
న్యాయమే. నేను తొందరపడి రాశాను. అయితే ఒకటి ఒప్పుకోండి, పక్కదారే ముఖ్యదారి అయ్యాక ఇక నుంచి కుక్కలో బాగా పెరిగే పురుగులకే సంతానం ఎక్కువ మిగులుతుంది.

ల్యాబ్‌దీపం
అది పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే కుక్కలను కట్టేసి ఉంచడం, చేపల పేగులు పాతిపెట్టడం ఆలస్యం చేయకూడదు.

వానపాము
ఇవాళ క్లాసులో పోస్టులన్నీ చదివి వినిపించాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ అమ్మాయే ఇంకో ప్రశ్న వేసింది, ఇది నన్ను పట్టుకుంది. "మేడమ్, నేరుగా పోయేదానికి నేను ఏలికపామును చెప్పాను కదా. అది కూడా నేరుగా పోవడం లేదు. గుడ్డు పేగులో పగిలి, డింభకం కాలేయానికి పోయి, ఊపిరితిత్తుల్లోకి పోయి, గొంతులోకి పాకి, మింగితే మళ్ళీ అదే పేగులోకి వస్తుంది. బయల్దేరిన చోటికే రావడానికి అంత ప్రయాణమెందుకు?"

నీటిబొట్టు
ఆ అమ్మాయి పరిశోధనలోకి రావాలండీ, మీరు ప్రోత్సహించండి.

పాత వివరణ ఏమిటంటే, ఏలికపాము పూర్వీకులకు మధ్యస్థ ఆతిథేయి ఒకటి ఉండేది, దాని ఒంట్లో తిరిగే అలవాటు దాన్ని వదిలేశాక కూడా మిగిలిపోయింది. అంటే ఆ ప్రయాణం ఒక ఆనవాలు మాత్రమే. 1995లో ఆండ్రూ రీడ్, ఆర్నే స్కోర్పింగ్ దీన్ని పరీక్షించారు. పనికిరాని అలవాటైతే ఎప్పుడో పోయి ఉండాలి, ఎందుకంటే ఆ దారిలో చావు చాలా ఎక్కువ. వాళ్ళు కణజాలాల్లో తిరిగే గుండ్రటి పురుగులను, తిరగని దగ్గరి చుట్టాలతో పోల్చారు. తిరిగేవి పెద్దవిగా పెరుగుతున్నాయి. పెద్ద ఆడపురుగంటే ఎక్కువ గుడ్లు. ఏలికపాము ఆడది రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అంటే రెండో ఆతిథేయి ఇచ్చే లాభాన్ని, ఒకే ఆతిథేయి ఒంట్లో ఇంకో అవయవం నుంచి రాబట్టుకుంటోంది. ఆ ప్రయాణం ఎలా మొదలైందన్నది వేరే ప్రశ్న, అందులో పాత వివరణ ఇంకా నిలబడవచ్చు.

నత్తగుల్ల
వానపాము గారూ, పిల్లలతో ఒక పని చేయించండి. నాలుగైదు నీటి నత్తల్ని విడివిడిగా గాజు గ్లాసుల్లో శుభ్రమైన నీళ్ళలో వేసి కిటికీ పక్కన పెట్టండి. గంటకోసారి ఆ నీటిచుక్కను మైక్రోస్కోపులో చూసి సర్కేరియాలు ఎన్నో రాసుకోమనండి. అన్ని నత్తల్లో ఉండవు, దొరికేదాకా ఓపిక పట్టాలి. తోక చీలి ఉందా, చీలకుండా ఉందా బొమ్మ గీయించండి. గ్లోవ్స్ తప్పనిసరి, ఆ నీళ్ళు చేతుల మీద పడనీయకండి. చర్మంలోకి దూరే రకాలుంటాయి, పక్షులవైనా సరే దద్దుర్లు తెప్పిస్తాయి. పనయ్యాక నీళ్ళు మరిగించి పారబోయండి.

వానపాము
రేపు ఉదయం ఎనిమిదికి మొదలుపెడుతున్నాం. ఇరవై నత్తలు సిద్ధంగా ఉన్నాయి, గ్లాసులకు నంబర్లు వేసేశారు. సాయంత్రం ఆరు దాకా వంతులవారీగా కూర్చుంటామన్నారు, చివరి వంతు ఆ అమ్మాయిది. లెక్కలు, బొమ్మలు ఇక్కడే పెడతాను.